పక్కింటికి చేరిన ప్యాచ్

విచారణ మొదలు కాకముందే నివేదిక తయారైపోయింది. అట్ట వేసి, కంపెనీ ముద్ర కొట్టి, ఆఖరి పేజీలో సంతకానికి గీత కూడా గీసి పెట్టారు. గీత కింద యూ-చిన్ పేరు అచ్చయి ఉంది.

"ఇక్కడొక చిన్న సంతకం, అక్కా," అన్నాడు లాయ్, పెన్ను మూత తనే తీసి అందిస్తూ.

లాయ్ మేనేజరు. ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఇలాంటి సంతకాల వేళల్లో ఆమె అతనికి అక్క అవుతుంది. మామూలు రోజుల్లో "కెర్నెల్ చూసే ఆవిడ". యూ-చిన్ పెన్ను అందుకుంది గానీ సంతకం పెట్టలేదు, చదవడం మొదలుపెట్టింది. అది లాయ్‌కి నచ్చలేదని అతని మోకాలు ఊగడంలోనే తెలుస్తోంది. కిటికీ అవతల సించూ ఊరి గాలి తన రోజువారీ పని తాను చేసుకుంటోంది: నిలబెట్టిన స్కూటర్లను వరసగా పడగొట్టడం.

నివేదిక చెప్పేది ఇది. జియాయి తీరంలో త్సాయ్ అనే రైతు చెరువులో పాలబొంత చేపలన్నీ ఒక తెల్లవారుజామున చచ్చి తేలాయి. రెక్కలతో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటడమే కారణం. ఆ ఏరియేటర్లను నడిపించే పెట్టె ఈ కంపెనీదే. అయితే పెట్టెలో లోపమేమీ లేదు. అందులోని కెర్నెల్‌కి, అంటే అన్నిటికంటే అడుగున కూర్చుని మిగతావాటికి పని పంచే మూల ప్రోగ్రాముకి, పంపిన ప్యాచ్‌లనే దిద్దుబాట్లన్నీ సక్రమంగా ఎక్కాయి. కాబట్టి రైతే యంత్రాలను ఆపి, మళ్ళీ వేయడం మరిచిపోయి ఉండాలి.

"మరిచిపోయి ఉండాలి అని మనకెవరు చెప్పారు?" అంది యూ-చిన్.

"మరింకెలా జరుగుతుందక్కా? అటు చూడండి."

గోడ మీద పెద్ద తెర. ప్రతి ప్యాచ్‌కీ ఒక గడి, గడి గడికీ ఆకుపచ్చ రంగు. లాయ్ రాసిన స్క్రిప్టు పుణ్యం అది. అంతకుముందు యూ-చిన్ ఆ ప్యాచ్‌లను ఒక్కొక్కటే చేత్తో ఎక్కించి, కుదరనివాటిని కోడు చదివి కుదిర్చేది. ఇప్పుడు మీట నొక్కితే స్క్రిప్టే అన్నిటినీ ఎక్కిస్తుంది. మేనేజరు ఆమోదం పడగానే, ఇక్కడ చేసిన దిద్దుబాట్లను ఆ పెట్టెలోని చిప్ వాడే ప్రపంచమంతా చదివే బహిరంగ మెయిల్ జాబితాకు కూడా అదే పంపేస్తుంది. కంపెనీ పేరు అక్కడ తరచూ కనపడాలని లాయ్ పెట్టిన ఏర్పాటు. కిందటేడు దానికి అతనికో గాజు పతకం ఇచ్చారు.

సర్వర్ల గదిలో ప్రతి యంత్రాల బీరువా నెత్తినా ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఉంటుంది. దాని పేరుకు అర్థం "బుద్ధిగా ఉండు" అని. ఆకుపచ్చదే ఉండాలి, గడువు దాటితే యంత్రం అలుగుతుందని అక్కడి నమ్మకం. ఆ ఆఫీసులో అందరూ శ్రద్ధగా చదివే అక్షరాలు ఏవైనా ఉన్నాయంటే అవి ఆ ప్యాకెట్ల మీద గడువు తేదీలే.

"ఈ నివేదిక వెళ్తే ఆ త్సాయ్‌కి ఏమవుతుంది?"

"సహకార సంఘం చెరువు లీజు రద్దు చేస్తుంది. నిర్లక్ష్యం నిబంధన ఒకటి ఉందిలెండి. అది వాళ్ళ వాళ్ళ గొడవ."

"చెరువు చూసొచ్చి పెడతాను."

లాయ్ మోకాలు ఆగింది. "బుధవారం నేనే వెళ్తున్నా, పలకరింపుకి. రండి మరి. ఆడవాళ్ళు ఒకరు పక్కనుంటే ఏడుపులు కాస్త తగ్గుతాయి."

యూ-చిన్ పెన్నుకు మూత పెట్టింది. గట్టిగా పెట్టిందేమో, టక్కుమంది.

*

గట్టు పొడవునా సున్నం చల్లి ఉంది. పెద్ద చెరువు ఖాళీ. అడుగున బురద ఎండి పెంకులు పెంకులుగా లేచింది. ఎంత సున్నం చల్లినా వాసన పోలేదు. పక్కనున్న చిన్న చెరువులో మాత్రం ఏరియేటర్లు నీళ్ళను తపతపా కొడుతున్నాయి. మిగిలిన చేపలు అందులో ఉన్నాయి.

త్సాయ్ గట్టు మీద గొంతుక్కూర్చుని, ఊడదీసిన ఏరియేటర్ రెక్కలకు అంటుకున్న నత్తగుల్లలను మొద్దు కత్తితో గీకుతున్నాడు. కారు దిగినవాళ్ళను ఒకసారి చూసి మళ్ళీ గీకుడులో పడ్డాడు. ఆయన భార్య ఎదురొచ్చింది. టోపీ, మొహానికి చుట్టుకున్న పూల గుడ్డ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. కనిపిస్తున్నవి కళ్ళే. అవి చాలు.

లాయ్ రెండు చేతులతో ఒక పెట్టె పట్టుకుని నడుం దాకా వంగాడు. "పిన్నిగారూ, చాలా బాధాకరమైన సంఘటన. మా కంపెనీ తరఫున..."

"పెట్టెలో ఏముంది?"

"అనాస కేకులండీ. సించూలో పేరున్న దుకాణం."

"చేపలకా?"

లాయ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పెట్టె ఎవరూ అందుకోలేదు. చివరికి దాన్ని మేత బస్తాల మీద పెట్టాడు.

"మీ ఆఫీసుకి ఫోన్ చేశాను," అంది ఆవిడ. "వానలు మొదలైన దగ్గర్నుంచీ చేస్తూనే ఉన్నాను. కరెంటు ఒక్క రెప్ప కొట్టి వస్తే చాలు, ఈ రెక్కలు ఆగిపోతున్నాయమ్మా అని. 'ఆపి మళ్ళీ వేయండి' అంటుంది ఆ పిల్ల. వేస్తే తిరుగుతాయి. 'అయితే బాగైపోయింది కదండీ' అని పెట్టేస్తుంది. బాగైపోయిందట! ఇప్పుడేమో మా ఆయన మరిచిపోయాడని రాస్తున్నారట మీరు. నా పుట్టినరోజు మరిచిపోతాడు, నిజమే. చేపల్ని మరిచిపోడు."

"ఫోన్‌లో యాప్ కూడా ఇచ్చాం కదా పిన్నిగారూ. అందులో చూసుకుంటే..."

"చూశాం! అన్నీ తిరుగుతున్నాయనే ఉంది. అది చూసే కదా ఆయన కునుకు తీసింది!"

యూ-చిన్ గట్టు వెంట నడిచి త్సాయ్ దగ్గరకు వెళ్ళింది. చీలమండ దాకా బూటు సున్నంలో దిగింది. "బాబాయ్, ఒక్కసారి చూపిస్తారా? కరెంటు రెప్ప కొట్టినట్టు."

ఆయన ఆమె మొహం వైపు చూశాడు. నోట్లో వక్క పక్కకు నెట్టుకుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని లేచాడు. స్తంభం దగ్గర మెయిన్ కిందకి లాగి, వెంటనే పైకి ఎత్తాడు.

తపతప ఆగిపోయింది. కరెంటు వచ్చింది, స్తంభం మీద బల్బు వెలిగింది, రెక్కలు మాత్రం కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళ మీద నురుగు ఒక్కో బుడగా పేలిపోవడం వినిపించింది. ఆవిడ ఫోన్ తీసి లాయ్ ముక్కు దగ్గర పెట్టింది. యాప్‌లో బుల్లి రెక్కలన్నీ ఆకుపచ్చగా, హాయిగా తిరుగుతున్నాయి.

లాయ్ ముక్కు వెనక్కి తీసుకున్నాడు. "ఇక్కడ నెట్ కొంచెం నెమ్మది."

"అలాగా? చేపలకీ అదే చెప్తాను. నెట్ నెమ్మదిగా ఉంది, కాసేపు ఊపిరి బిగబట్టుకోండి అని."

త్సాయ్ పెట్టెను పూర్తిగా ఆర్పి, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, మళ్ళీ వేశాడు. రెక్కలు తిరిగాయి. ఆయన కత్తి తీసుకుని నత్తగుల్లల దగ్గరకు వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో కారు నడుపుతున్న లాయ్ టోల్ గేటు దాటాక ఏసీ పెంచాడు. "సరే. ఏదో ఉంది. వచ్చే విడుదలలో చప్పుడు లేకుండా సర్దేద్దాం."

"నివేదిక?"

"అది మారదక్కా. ఈ నెల సంఘంవాళ్ళు తీరమంతా మన పెట్టెలే పెట్టిస్తున్నారు. ఒక్క చెరువు కోసం..."

"ఒక్క మనిషి కోసం."

"మీకింకో సంగతి చెప్పాలా?" లాయ్ అద్దంలో వెనక లారీని చూస్తూ అన్నాడు. "ఆ ప్యాచ్‌లన్నిటి కింద సంతకం ఎవరిదో చూశారా? మీదే. కెర్నెల్ విడుదలకి మీరేగా బాధ్యులు, స్క్రిప్టు మీ పేరే వేస్తుంది. తవ్వితే ఎవరు బయటపడతారో మీరే ఆలోచించుకోండి."

కెర్నెల్ లోకంలో ఆ సంతకానికి విలువ ఉంది. ప్రతి మార్పు కింద, అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఇది నేను చూశాను, దీనికి నాదీ పూచీ అని. ఇరవై ఏళ్ళుగా యూ-చిన్ చదవని దాని కింద పేరు పెట్టి ఎరగదు. ఇంట్లో కొళాయి బాగుచేసినవాడి రసీదు కూడా చదివే పెడుతుంది. అలాంటి ఆమె పేరును ఒక స్క్రిప్టు రబ్బరు స్టాంపులా వాడుకుంటోంది.

ఆమె కిటికీ అద్దం దించింది. ఏసీ చలి బయటకు పోతోందన్నాడు లాయ్. పోనీ అంది.

*

మర్నాడు యూ-చిన్ పొద్దున్నే వచ్చి స్క్రిప్టు తెరిచింది. కంపెనీలో అందరూ వాడేదే, లోపల ఏముందో ఎవరూ చదివింది లేదు. చదివితే అర్థం కానిదేమీ కాదు. ప్యాచ్‌ను ఎక్కించే పనిముట్టుకు లాయ్ రెండు ఆజ్ఞలిచ్చాడు. ఒకటి: చుట్టుపక్కల సరిగ్గా కలవకపోయినా సర్దుకుపో. రెండు: ఏమైనా గొణిగితే నాకు వినిపించకు.

ఆమె రెండో ఆజ్ఞ తీసేసింది. పాత కెర్నెల్‌ను కొత్తగా ఒక చోట పరిచి, ప్యాచ్‌లను వచ్చిన వరసలోనే ఒక్కొక్కటీ ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకటి ఎక్కించడం, పనిముట్టు ఏమందో చదవడం, తర్వాతది. బఠానీలు ఒలిచే పని లాంటిది ఇది. చెయ్యి తనంతట తాను సాగుతుంటుంది, కన్ను మాత్రం పురుగు కోసం చూస్తుండాలి.

మధ్యాహ్నం డబ్బా అన్నం వచ్చి చల్లారుతుండగా పురుగు దొరికింది.

ప్యాచ్ అంటే అతుకే. దాని మీద, ఎక్కడ వేయాలో ఇంటి చిరునామా చెప్పినట్టు చెప్పి ఉంటుంది: పైన ఈ మూడు వరసలుంటాయి, కింద ఈ మూడు ఉంటాయి, ఆ మధ్యలో దిగు అని. నీలం గేటు, పక్కన మందుల షాపు, ఎదురుగా స్తంభం. కానీ చిప్‌తో పాటు వచ్చిన ఈ పాత కెర్నెల్‌లో ఆ గేటుకు ఎప్పుడో వేరే రంగు వేశారు. అలాంటప్పుడు పనిముట్టు ఆగి, ఈ ఇల్లు దొరకలేదు అనాలి. సర్దుకుపొమ్మన్నారు కనుక అది అలా అనలేదు. గేటు సంగతి వదిలేసి, మందుల షాపు సంగతీ వదిలేసి, స్తంభం ఒక్కటే ఆనవాలుగా పట్టుకుని, కాస్త అవతల అదే పోలికలో ఉన్న ఇంకో ఇంట్లో సామాను దించి వచ్చేసింది. వచ్చి, ఎక్కించానంది. ఆనవాళ్ళు సరిగ్గా కలవలేదండీ అని చిన్న గొంతుతో గొణిగింది కూడా. ఆ గొంతు నొక్కేశారు.

ఆ రెండూ కవల ఫంక్షన్లు, అంటే ప్రోగ్రాములో ఒక్కో పని చేసే భాగాలు. ఒకటి పెట్టెకు మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు మోటార్లను లేపేది. రెండోది కరెంటు రెప్ప కొట్టి వచ్చినప్పుడు లేపేది. ప్యాచ్ వెళ్ళాల్సింది రెండోదానిలోకి, దిగింది మొదటిదానిలో. అందుకే ఆర్పి వేస్తే తిరుగుతాయి, రెప్ప కొడితే పడుకుంటాయి. రెండోదానిలో, మోటారు లేచిందో లేదో చూడకుండానే 'తిరుగుతోంది' అని రాసుకునే పాత వరస అలాగే మిగిలిపోయింది.

పనిముట్టు మాటల్లో ఇదంతా ఒక్క వరస. ఆ ఒక్క వరసను ఎవరో ఒకరు చదివి ఉంటే చాలు.

యూ-చిన్ కుర్చీలోంచి లేచింది. డబ్బా తీసుకుని వెళ్ళి, అన్నం తినకుండానే పారేసి సింకులో కడిగింది. అడుగున ఏమీ అంటుకోలేదు, అయినా తోమింది. కడిగిన డబ్బానే మళ్ళీ కడిగింది. పక్కనున్న కుర్రది కాఫీ కలుపుకోవడం ఆపి, "అక్కా, ఆ డబ్బా ఏం చేసింది పాపం," అంది. "ఏమీ చేయలేదు. దొరికింది," అంది యూ-చిన్.

తిరిగి వచ్చి అతుకును తప్పు ఇంట్లోంచి విప్పి, అసలు ఇంట్లో చేత్తో వేసింది. బల్ల మీది పెట్టెకు ఎక్కించి, దానికి ఒక బుల్లి మోటారు తగిలించింది. స్విచ్చి రెప్ప కొట్టించింది. మోటారు ఆగి, ఒక క్షణం ఆలోచించి, తిరిగింది. మళ్ళీ కొట్టించింది. తిరిగింది. సాయంత్రం దాకా కొట్టిస్తూనే ఉంది.

తర్వాత త్సాయ్ ఇంటికి ఫోన్ చేసింది. ఆవిడే ఎత్తింది.

"పిన్నీ, లోపం దొరికింది. మాదే. దిద్దిన ప్యాచ్ ముందు మీ పెట్టెకే పంపిస్తాను. అయితే ఒక అనుమతి కావాలి. తప్పును ఎవరు పట్టుకుని చెప్పారో వాళ్ళ పేరు రాయడం మా పనిలో ఆచారం. బాబాయ్ పేరు రాయొచ్చా?"

అవతల కేక, దూరంగా గొణుగుడు, మళ్ళీ ఆవిడ. "రాసుకోమంటున్నాడు. ఒకసారి రాశారుగా, మరిచిపోయాడని. ఈసారేం రాస్తారో చూద్దామంటున్నాడు."

ప్రతి దిద్దుబాటుకూ ఒక వివరణ రాయాలి. యూ-చిన్ ఉన్నది ఉన్నట్టు రాసింది. ప్యాచ్ పక్క ఫంక్షన్‌లో దిగింది. ఆనవాళ్ళు కలవలేదన్న హెచ్చరికను మా స్క్రిప్టు దాచేసింది. దానివల్ల కరెంటు మిణుకుమంటే ఏరియేటర్లు ఆగి, తిరుగుతున్నట్టే చూపించాయి. ఒక చెరువులో పాలబొంతలన్నీ చనిపోయాయి. ఏ పాత మార్పును ఇది దిద్దుతోందో చెప్పే వరస రాసింది. ఆ పాత మార్పు కింద ఉన్నది తన సంతకమేననీ, అప్పుడు తాను దాన్ని చదవలేదనీ రాసింది. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగింది గానీ చెరపలేదు. కింద: కనిపెట్టి చెప్పినవారు, త్సాయ్ జిన్-తు. దాని కింద తన పేరు, ఈసారి తన చేత్తో.

లాయ్ బ్యాగు భుజాన వేసుకుని లిఫ్ట్ వైపు వెళ్తూ కనిపించాడు.

"మేనేజర్ గారూ, దిద్దుబాటు అయింది. ఆమోదం మీరు నొక్కాలి. జరిగిందంతా రాశాను, చదివి నొక్కండి."

"పని చేస్తోందా?"

"చేస్తోంది. అందులో ఏం రాశానో చదవండి."

"అక్కా, స్థిరత్వం మెరుగుపడింది అని ఒక్క ముక్క రాస్తే చాలు, మీకన్నీ నవలలే." ఫోన్ తీశాడు, బొటనవేలితో నొక్కాడు. లిఫ్ట్ తలుపు మూసుకుంటుండగా సందులోంచి అడిగాడు. "ఆకుపచ్చ వచ్చిందా?"

గోడ మీద తెరలో కొత్త గడి వెలిగింది. "వచ్చింది," అంది యూ-చిన్.

స్క్రిప్టు తన పని తాను చేసుకుపోయింది.

*

శుక్రవారం ఆమె వచ్చేసరికి లాయ్ ఆమె కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఫోన్ ఒక చేతిలో, నివేదిక ఒక చేతిలో.

"ఏం చేశారో తెలుస్తోందా మీకు? ప్రపంచమంతా చదివే జాబితా అది! చేపలు, చెరువు, మా స్క్రిప్టు... ఎవరు పంపమన్నారు?"

"మీ స్క్రిప్టే పంపింది. మీ ఆమోదంతో."

"అందులో ఇదంతా ఉందని నాకేం తెలుసు?"

"చదవమన్నాను."

లాయ్ లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "మీ పేరు మీరే చెడగొట్టుకున్నారు. పూచీ నాదే, చదవలేదు అని ఎవరైనా రాసుకుంటారా? ఇక మిమ్మల్ని ఎవరు నమ్ముతారు అక్కడ?"

"జవాబులు వచ్చాయా?"

అతను ఫోన్ బల్లమీద పడేశాడు. యూ-చిన్ కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, తన తెర మీదే చదివింది. అప్పటికి జవాబులు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. ఒసాకాలో గ్రీన్‌హౌస్ పంపులు చేసే ఒకాయన రాశాడు: మా దగ్గరా కరెంటు పోయివస్తే పంపులు ఆగుతున్నాయి, తోట మాలిదే తప్పనుకున్నాం, మా కెర్నెల్‌లోనూ ప్యాచ్ అదే పక్క ఫంక్షన్‌లో ఉంది, మీ దిద్దుబాటు పరీక్షించాను, పని చేస్తోంది, నా పేరు చేర్చండి. బుసాన్ నుంచి ఇంకొకామె అదే మాట. తర్వాత కెర్నెల్‌లో మోటార్లను లేపే ఆ భాగాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషిది పొడి పొడి జాబు: తీసుకున్నాను, వివరణ ఇలా ఉండాలి, అందరూ గమనించండి. చివరగా చిప్ తయారీదారులది, తమ చిప్ వాడే కంపెనీలన్నీ వెంటనే సరిచూసుకోవాలని. ఆమె సంతకం గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. అక్కడ తప్పు దిద్దడం పని. ఎవరి తప్పో రాయడం కూడా పనే.

"సంఘంవాళ్ళ ఇంజనీరు పొద్దున ఫోన్ చేశాడు," అన్నాడు లాయ్, ఈసారి నెమ్మదిగా. "అందులో ఉన్నది నిజమేనా అని అడిగాడు."

"ఏమన్నారు?"

లాయ్ నివేదికను ఆమె బల్ల మీద పెట్టి, అట్ట మీద వేలితో తట్టాడు. "దీన్ని మళ్ళీ రాయాలి. ఇవాళే. మీరు రాస్తే..."

"నాది రాసేశాను. అందరూ చదివారు కూడా." ఆమె పెన్ను తీసింది, మూత విప్పింది, అతనికి అందించింది. "దీని మీద గీత కింద పేరు మార్చి మీరు రాయండి. మీకు సంతకం దగ్గర సందేహముంటే నన్నడగండి, తమ్ముడూ."

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని తమ్ముడూ అనడం అదే మొదలు. లాయ్ పెన్ను వైపు చూశాడు, తీసుకున్నాడు, తన గదిలోకి వెళ్ళాడు. యూ-చిన్‌కు కోపం ఇంకా తగ్గలేదు. ఆ చెరువు బురదలో పెంకులు, ఆ ఫోన్‌లో హాయిగా తిరిగే బుల్లి రెక్కలు గుర్తొస్తే ఇంకా చాలాకాలం తగ్గదు కూడా.

పన్నెండవుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మా మేనల్లుడు చూపించాడు. మా ఆయన పేరు కంప్యూటర్లోకి ఎక్కించావట. కేసేమీ కాదు కదా?"

"కాదు పిన్నీ. తప్పు పట్టుకున్నందుకు."

"పాలబొంతలని రాశావా, ఉత్త చేపలనా?"

"పాలబొంతలనే రాశాను."

"సంఘంవాళ్ళు ఫోన్ చేశారు. లీజు రద్దు కాగితం వెనక్కి తీసుకుంటున్నాం, వేరే కబురు పంపుతాం అన్నారు. చచ్చినవాటి సంగతేమిటని అడిగాను. అదీ మాట్లాడదామన్నారు. మాట్లాడతాను, నా నోరేం చిన్నది కాదు. ఉండు, ఈయన ఇమ్మంటున్నాడు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఊపిరి. వక్క నమిలే శబ్దం.

"నువ్వు పంపింది పెట్టెలోకి వచ్చింది," అన్నాడు త్సాయ్. "ఇప్పుడు కరెంటు మిణుకుమంటే తిరుగుతాయా?"

"తిరుగుతాయి, బాబాయ్."

"ఆపి చూస్తాను."

"చూడండి."

ఆయన నడుస్తున్న చప్పుడు, బూట్ల కింద గులకరాళ్ళు. వెనక తపతపమని నీళ్ళు. ఖటక్ మని మెయిన్ పడింది. ఏమీ వినిపించలేదు. ఆ ఏమీ వినిపించకపోవడంలో యూ-చిన్ తన బల్ల అంచు పట్టుకుని ఉంది. ఖటక్. ఒక క్షణం. అప్పుడు ఒక రెక్క, ఇంకో రెక్క, తర్వాత అన్నీ కలిసి నీళ్ళను కొట్టడం మొదలుపెట్టాయి.

త్సాయ్ బాగుందనలేదు, సంతోషమనలేదు.

"ఇంకోసారి ఆపుతున్నాను," అన్నాడు.

నమ్మకం లేదు ఆయనకు. ఉండాల్సిన అవసరమూ లేదు. యూ-చిన్ ఫోన్‌ను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"ఆపండి బాబాయ్," అంది. "వింటున్నాను."